ఎక్కడ వేసిన గొంగళి అక్కడే

వెండితెర నవలలని మనకి ఒకప్పుడు ఉండేవి. సినిమా కథనే నవలగా రాసి అచ్చేసేవాళ్ళు. ముళ్ళపూడి వెంకటరమణ కూడా రాశాడు. సినిమా ఇంకోసారి చూడాలంటే ఇంకో టికెట్ కొనాల్సిన రోజుల్లో అది ఇంటికి తెచ్చుకోగలిగిన సినిమా. ఇంగ్లీషులో ఇలాంటివాటిని టై-ఇన్ పుస్తకాలంటారు. అందులో ఇంకో రకం కూడా ఉంది, మన దగ్గర పెద్దగా కనపడనిది. టీవీ షోలో మనుషులు అలాగే ఉంటారు, కథ మాత్రం టీవీలో ఎప్పుడూ రానిది. అంటే ఎవరూ తియ్యని ఎపిసోడ్‌ని రెండు మూడొందల పేజీల్లో చదువుతామన్నమాట. నా గోలంతా ఈ రెండో రకంతో. అందులోనూ దెయ్యాలూ, శాపాలూ, ఆకాశంలో అర్థంకాని వెలుగులూ ఉండే షోల నవలలతో.

ఇవి నేను తక్కువేం చదవలేదు. ‘ది ఎక్స్-ఫైల్స్’, ‘బఫీ’, ‘సూపర్‌నాచురల్’, ‘ట్విన్ పీక్స్’, మొన్నమొన్నటి ‘స్ట్రేంజర్ థింగ్స్’. సగం అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికినవి, సగం ఫోన్లో చదివినవి. తెలిసిన మొహాలు అట్ట మీద కనపడగానే చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఓ యాభై పేజీలు తిరగేసేసరికి సంగతి అర్థమైపోతుంది. చీకటి ఉంది, అడవి ఉంది, ఒంటరిగా నడుస్తున్న మనిషి ఉన్నాడు, వెనక అడుగుల చప్పుడు కూడా ఉంది. భయం మాత్రం లేదు.

డబ్బు కోసం రాసినవి కదా, ఇంకెలా ఉంటాయి అనెయ్యడం తేలిక. నేనొప్పుకోను. డబ్బు కోసం రాస్తే పుస్తకం పాడైపోతుందనుకుంటే మనం ఇష్టపడే సీరియల్ నవలల్లో సగం చెత్తబుట్టలో వెయ్యాలి. పోనీ రాసినవాళ్ళు చేతకానివాళ్ళా అంటే అదీ కాదు. ఎక్స్-ఫైల్స్ మొట్టమొదటి నవల ‘గోబ్లిన్స్’ 1994లో వచ్చింది. రాసింది చార్ల్స్ గ్రాంట్. హారర్ చదివేవాళ్ళకి ఆ పేరు చిన్నది కాదు. రక్తం, పేగులు, అరుపులు లేకుండా, ఊళ్ళో ఏదో తేడాగా ఉందన్న అనుమానంతోనే మనిషిని వణికించాలని నమ్మినవాడు. ఆ తరహా కథల కోసమే ‘షాడోస్’ అని వరసగా సంకలనాలు తీసుకొచ్చాడు. అలాంటి మనిషికి, చూపించకుండా భయపెట్టడమే పనిగా పెట్టుకున్న షో అప్పజెప్పారు. ఇంతకన్నా మంచి జోడీ దొరకదనిపిస్తుంది. 

నవల చూస్తే, న్యూజెర్సీలో ఒక సైనిక స్థావరం పక్కన చిన్న ఊరు. గోడలోంచి, చెట్టులోంచి ఊడిపడ్డట్టు వచ్చి ఎవరో మనుషుల్ని చంపుతున్నారు. ఒక ముసలావిడ అవి గోబ్లిన్లంటుంది, ఎవరూ నమ్మరు. సైన్యం చేసిన ప్రయోగంలో ఊసరవెల్లిలా పరిసరాల రంగులోకి మారిపోయే మనిషి తయారయ్యాడన్నది అసలు విషయం. ఐడియా బాగుంది. గ్రాంట్ వాక్యం కూడా అక్కడక్కడా తన పాత వాక్యమే, ముఖ్యంగా ఊరిని వర్ణించేటప్పుడు. కానీ మల్డర్, స్కలీ వచ్చి కారు దిగగానే గాలి తీసేసినట్టవుతుంది. వాళ్ళు మాట్లాడతారు, టిఫిన్ చేస్తారు, మోటల్లో దిగుతారు, మళ్ళీ మాట్లాడతారు. చెట్టు బెరడు కదిలినట్టు అనిపించినా మనకి ఏమీ అవ్వదు. బెరడు వెనక ఉన్నది ఎవరినైనా చంపుతుందేమో గానీ ఆ ఇద్దరినీ ఏమీ చెయ్యలేదని మనకి తెలుసు.

ఇదే ఈ పుస్తకాల రూలు. పాత్రలు రచయితవి కావు, అద్దెకి తెచ్చుకున్నవి. కథ క్లుప్తంగా రాసి ముందు హక్కులున్న కంపెనీకి చూపించాలి, వాళ్ళు సరేనంటేనే నవల. అందులో ఎవరూ చావకూడదు, పెళ్ళి చేసుకోకూడదు, ఉద్యోగం మానకూడదు, టీవీలో ఇంకా తెలియని రహస్యం తెలుసుకోకూడదు. పక్కింటివాళ్ళ సామాను వాడుకుని తిరిగిచ్చేటప్పుడు గీత కూడా పడకుండా ఇవ్వాలి కదా, అలాగ. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉండాలి. 1966లో మొదలైన ‘డార్క్ షాడోస్’ సీరియల్‌కి డాన్ రాస్ అనే కెనడా రచయిత మేరిలిన్ రాస్ పేరుతో 30కి పైగా నవలలు రాశాడు. ఒకటి చదివి రెండోది తీస్తే మొదటిదాన్లో జరిగింది ఎవరికీ గుర్తున్నట్టుండదు. గుర్తుంటే కొంప మునుగుతుంది మరి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. టీవీలో మాత్రం ఏమిటి? మల్డర్ వచ్చే వారం కూడా ఉంటాడని అక్కడా తెలుసుగా? తెలుసు. అయినా భయపడ్డాం. ఎందుకంటే టీవీ భయం కథలో ఒక్కచోటే లేదు. మొదటి ఐదు సీజన్లూ వాంకూవర్‌లో తీశారు, ఆ తడి అడవీ, మబ్బూ, ఎప్పుడూ కారుతున్నట్టుండే ఆకాశం సగం పని చేసిపెట్టాయి. మార్క్ స్నో సంగీతం ఇంకో పావు వంతు. మిగిలింది జిలియన్ ఆండర్సన్ మొహం. నమ్మనంటూనే కళ్ళు పక్కకి తిప్పే ఆ అరక్షణం. ఇవేవీ నవలకి రావు. మనుషుల పేర్లూ, మాటలూ వస్తాయి. అందుకని రచయిత ఏం చేస్తాడంటే, చూసినవాళ్ళకి ఎలాగూ మొహాలు గుర్తున్నాయి కదా అని వాటి మీద బండి లాగిస్తాడు. మల్డర్ పొద్దుతిరుగుడు గింజలు నములుతాడు, స్కలీ కనుబొమ్మ ఎత్తుతుంది. మనం మనసులో ఆ సీన్ వేసుకోవాలి. అంటే టీవీ చెయ్యాల్సిన పని మనం చేస్తున్నాం, నవల చెయ్యాల్సిన పని ఎవరూ చెయ్యట్లేదు.

‘సూపర్‌నాచురల్’ నవలల్లో మొదటిది ‘నెవర్‌మోర్’, 2007. కీత్ డికాండిడో రాశాడు. అన్నదమ్ములు శామ్, డీన్ తమ పాత ఇంపాలా కారు వేసుకుని న్యూయార్క్‌లో బ్రాంక్స్‌కి వస్తారు. అక్కడ ఎవరో ఎడ్గార్ ఆలెన్ పో కథల్ని అనుకరిస్తూ హత్యలు చేస్తున్నారు. రచయితది బ్రాంక్సే, అది తెలుస్తూంటుంది. ఏ వీధిలోంచి ఏ వీధికి వెళ్ళాలో, కారు పెట్టుకోడానికి ఎంత చావాలో చక్కగా రాశాడు. ఆ భాగాలు నాకు నచ్చాయి కూడా, దెయ్యాలకన్నా పార్కింగే బాగుందనిపించేటంత. కానీ పో సంగతి చూడండి. ఆయన నిజంగా ఆ బ్రాంక్స్‌లోనే ఫోర్డమ్‌లో ఒక చిన్న ఇంట్లో ఉన్నాడు, 1846 నుంచి. ఆ మరుసటేడు జనవరిలో భార్య వర్జీనియా క్షయతో అక్కడే పోయింది. ఆ చలికాలంలో వాళ్ళని చూడ్డానికి వెళ్ళినావిడ రాసిన జ్ఞాపకం ఒకటుంది. గడ్డి పరుపు, పైన కప్పిన మొగుడి పాత కోటు, వెచ్చదనానికి గుండెల మీద పడుకోబెట్టుకున్న పిల్లి. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. దెయ్యం కథ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? నవలకి పో కావాల్సొచ్చింది హత్యల పద్ధతి కోసం మాత్రమే. తల్లిని పోగొట్టుకుని, ఆ చావు వెనకే జీవితమంతా తిరుగుతున్న అన్నదమ్ములు, భార్యని పోగొట్టుకున్న మనిషి ఇంటి ముందుకొచ్చి కూడా దులిపేసుకుని వెళ్ళిపోతారు. ఆగితే ఏదో ఒకటి మారాలి కదా. మారడానికి వీల్లేదు.

తమాషా ఏంటంటే, ఈ షోయే తన మీద తాను ఒక జోక్ వేసుకుంది. 2009లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో అన్నదమ్ములకి ఒక షాపులో తమ జీవితం మీదే రాసిన చవకబారు నవలలు దొరుకుతాయి. రాసింది చక్ అనే తాగుబోతు. తర్వాత ఏం జరగబోతోందో అతను ముందే రాసేస్తుంటాడు, రాసింది జరుగుతుంటుంది. నిజం నవలల్లో ఏమీ జరగడానికి వీల్లేదు, అబద్ధపు నవలల్లో రాసిందల్లా జరిగి తీరుతుంది. ఆ ఎపిసోడ్ పేరు ‘ది మాన్స్టర్ ఎట్ ది ఎండ్ ఆఫ్ దిస్ బుక్’. అది 1971లో వచ్చిన ఒక పిల్లల బొమ్మల పుస్తకం పేరు. జాన్ స్టోన్ రాశాడు. ‘సెసమీ స్ట్రీట్’ షోలో గ్రోవర్ అనే నీలం బొచ్చు బొమ్మ ఉంటాడు, వాడే ఇందులో హీరో. అంటే అది కూడా టీవీ టై-ఇనే. పుస్తకం చివర ఒక రాక్షసుడున్నాడని పేరు చూసి గ్రోవర్ హడలిపోతాడు. పేజీ తిప్పొద్దని మనల్ని బతిమాలుతాడు. తాళ్ళతో కడతాడు, చెక్కలు కొడతాడు, ఇటుకల గోడ కడతాడు. మనం తిప్పుతూనే ఉంటాం. చివరికి ఉన్నది గ్రోవరే. మా అక్క కూతురికి ఇది చదివి వినిపిస్తే ఇటుకల గోడ దగ్గర పేజీ తిప్పడానికి రెండు నిమిషాలు ఆలోచించింది. ఎక్స్-ఫైల్స్ నవలలు అన్నీ కలిపినా నాకు ఆ రెండు నిమిషాలు దొరకలేదు. ఇక్కడ భయం మన వేళ్ళలో ఉంది. టీవీకి పేజీ లేదు, అది మన ప్రమేయం లేకుండా ముందుకెళ్ళిపోతుంది. పుస్తకంలో మాత్రం రాక్షసుడి దగ్గరికి మనమే నడిచి వెళ్ళాలి.

తెలుగు పాఠకులకి ఇది చెప్పక్కర్లేదు. తెరకన్నా ముందు మన ముందటి తరాన్ని భయపెట్టింది అచ్చు కాగితమే. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ సీరియల్‌గా వస్తున్నప్పుడు ఆ పసిపిల్ల బతుకుతుందో లేదో వారం వారం కాసుక్కూర్చున్నవాళ్ళు ఇప్పటికీ మన ఇళ్ళలో ఉన్నారు. మూఢనమ్మకాలు పెంచిందని ఆ నవలని తిట్టినవాళ్ళూ ఉన్నారు, ఆ చర్చ వేరే. ఇక్కడికి కావల్సింది ఇంతే. తులసిని ఎలా ఉన్నదాన్ని అలా తిరిగి అప్పజెప్పాలని యండమూరికి ఎవరూ షరతు పెట్టలేదు. చదివేవాళ్ళకి ఆ విషయం తెలుసు. అందుకే నిద్ర పట్టలేదు.

ఇంతవరకూ చెప్పినవి చప్పగా ఉన్న పుస్తకాలు. చప్పదనం పెద్ద నేరం కాదు. నాకు నిజంగా కోపం తెప్పించింది వేరే ఉంది. ఎక్స్-ఫైల్స్ నవలల్లోనే కెవిన్ ఆండర్సన్ రాసిన ‘గ్రౌండ్ జీరో’, 1995. బాగా అమ్ముడుపోయింది. చకచకా చదివిస్తుంది కూడా. ఆండర్సన్ లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాలలో టెక్నికల్ రైటర్‌గా పనిచేసినవాడు కాబట్టి అణ్వాయుధాల లోకం అతనికి లోపల్నించి తెలుసు. కాలిఫోర్నియాలో ఒక కల్పిత అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త తన గదిలోనే బూడిదైపోతాడు, అక్కడొక చిన్న అణుబాంబు పేలినట్టు. అణ్వస్త్రాలతో సంబంధం ఉన్నవాళ్ళు ఇంకా కొందరు అలాగే పోతారు. చేస్తున్నది ఎవరంటే, పసిఫిక్‌లో ఒకప్పటి అణుపరీక్షలో కాలిపోయిన ద్వీపవాసుల ఆత్మలు.

ఇది ఊహించిన శాపం కాదు. 1946 నుంచి 1958 వరకూ అమెరికా మార్షల్ దీవుల్లో 67 అణుపరీక్షలు చేసింది. 1954 మార్చి 1న బికినీలో పేల్చిన ‘బ్రావో’ బాంబు 15 మెగాటన్నులది, హిరోషిమాకి దాదాపు వెయ్యి రెట్లు. రొంగెలాప్ ద్వీపం మీద తెల్లటి బూడిద రాలింది. అదేంటో తెలియక పిల్లలు అందులో ఆడుకున్నారు. రెండు రోజుల తర్వాత గానీ వాళ్ళని అక్కణ్ణించి తరలించలేదు. 1957లో, ఇంక ఫర్వాలేదు, వెళ్ళండని వెనక్కి పంపారు. థైరాయిడ్ కణితులొచ్చాయి, గర్భాలు పోయాయి. చివరికి 1985లో వాళ్ళే ఊరొదిలేశారు, గ్రీన్‌పీస్ వాళ్ళ ఓడ ఎక్కి. నవల వచ్చిన ఆ 1995లోనే, నవంబర్లో, రొంగెలాప్‌కి చెందిన లిజాన్ ఎక్నిలాంగ్ హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నిలబడి తమ ఆడవాళ్ళకి ఎలాంటి బిడ్డలు పుట్టారో చెప్పింది. ఎముకలు లేని బిడ్డలు, జెల్లీఫిష్ లాంటి బిడ్డలు.

ఇప్పుడు నవల దగ్గరికి రండి. బూడిదవ్వబోయే ప్రతి శాస్త్రవేత్తకీ, అధికారికీ ఒక అధ్యాయం ఉంటుంది. వాళ్ళ అలవాట్లు, ఇష్టాయిష్టాలు, వాళ్ళ మనసులో ఏముందో. వాళ్ళు చస్తే మనకి కాస్త బాధ కలగాలని. ద్వీపవాసుల్లో బతికి బయటపడ్డ ఒక్కడు తప్ప మిగతావాళ్ళంతా ఒక గుంపు. వెలుగు, వేడి, కలిసిపోయిన గొంతులు. నాకైతే అందులో ఒక్క మనిషి పేరు గుర్తులేదు, ఒక్క వంటింటి వాసన గుర్తులేదు. ఎవరి బూడిద రాలిందో వాళ్ళు ఈ కథలో రాక్షసులు. సరే, పగ తీర్చుకునే దెయ్యం కథల్లో ఇది మామూలే అంటారా? మామూలు దెయ్యం కథలో కనీసం, చివరికి ఆ దెయ్యానికి అన్యాయం జరిగిందని ఎవరో ఒకరు గుర్తుపట్టాలి, గుర్తుపట్టినవాడు మారాలి. ఇక్కడ గుర్తుపట్టే అర్హత ఉన్నది మల్డర్‌కీ స్కలీకీ. స్కలీ శాస్త్రం చదువుకున్న మనిషి, తన దేశపు సైన్సు ఈ పని చేసిందని కళ్ళారా చూస్తుంది. మరి ఆవిడ ఏమవ్వాలి? ఆ రాత్రి ఏం రాసుకోవాలి? ఏమీ అవ్వదు. రిపోర్టు రాస్తుంది. వచ్చే వారం ఎపిసోడ్‌లో ఎప్పట్లాగే కనుబొమ్మ ఎత్తాలి గనక. టీవీ కంపెనీ వాళ్ళ సౌకర్యం కోసం పెట్టుకున్న రూలు తీసుకెళ్ళి ఒక నిజమైన చరిత్ర నెత్తిన పెట్టారు. రొంగెలాప్ జనం మాత్రం ఎక్కడ వాళ్ళు అక్కడ ఉండలేకపోయారు.

అయితే తప్పంతా ఆ రూలుదేనా, ముగింపు ముందే కట్టేసి ఉండటమే జబ్బా అంటే, కాదనడానికి నా దగ్గర ఒక పుస్తకం ఉంది. అందులో ముగింపు ఇంతకన్నా గట్టిగా కట్టేసి ఉంది.

‘ది సీక్రెట్ డైరీ ఆఫ్ లారా పామర్’, 1990. డేవిడ్ లించ్ కూతురు జెనిఫర్ లించ్ 22 ఏళ్ళప్పుడు రాసింది. ‘ట్విన్ పీక్స్’ ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదలైంది. మొదటి ఎపిసోడ్‌లోనే లారా శవం ప్లాస్టిక్ షీటులో చుట్టి ఏటి ఒడ్డున దొరుకుతుంది. ఎవరు చంపారు అన్నదే షో. రెండో సీజన్ మొదలవ్వడానికి కొద్దిగా ముందు, హంతకుడెవరో జనానికి ఇంకా తెలియకముందు, ఈ డైరీ బజార్లోకొచ్చింది. కూతురికి మాత్రం తండ్రీ, మార్క్ ఫ్రాస్టూ ముందే చెప్పారు. ఇంతకంటే పచ్చి వ్యాపారం ఉండదు. రెండు సీజన్ల మధ్య ఖాళీలో అమ్ముకోడానికి తయారుచేసిన సరుకు. అది నాకు తెలిసిన టై-ఇన్లలో ఒకే ఒక్క భయంకరమైన పుస్తకం.

లారా పన్నెండో పుట్టినరోజున, 1984 జులైలో, డైరీ మొదలవుతుంది. గుర్రప్పిల్లని బహుమతిగా ఇస్తారు, దానికి ట్రాయ్ అని పేరు పెట్టుకుంటుంది. స్నేహితురాలు డానా గురించి రాస్తుంది, పిచ్చి పిచ్చి కవితలు రాస్తుంది. రాత్రిళ్ళు కిటికీలోంచి బాబ్ అని ఎవడో వస్తాడనీ రాస్తుంది. ఆ రెండో సంగతి ఎవరికీ చెప్పలేదు, డైరీకి కూడా సగమే చెప్తుంది. మనకి తెలుసు ఈ పిల్ల బతకదని. మల్డర్ చావడని తెలిసినప్పుడు భయం ఎగిరిపోయింది. లారా చస్తుందని తెలిసినప్పుడు ట్రాయ్ అనే గుర్రం పేరు చదివినా గుండె జారుతుంది. రెండుచోట్లా ముగింపు ముందే తెలుసు. తేడా ఎక్కడుందంటే, మల్డర్‌కి జరిగేదేదీ లెక్కలోకి రాదు, లారాకి జరిగే ప్రతి చిన్నదీ లెక్కలోకొస్తుంది. ఆవిడ దగ్గర ఉన్నవి ఈ పేజీలే. అదీగాక షోలో లారా ఒక ఫొటో, ఒక శవం. మాట్లాడ్డానికి అక్కడ చోటు లేదు. ఈ పుస్తకం షోలో ఉన్నవాళ్ళని అద్దెకి తెచ్చుకోలేదు, షో మాట్లాడనివ్వని మనిషి చేతికి పెన్నిచ్చింది.

బాబ్ సంగతి ఇంకా చిత్రం. టీవీలో అతనికి మొహం ఉంది. సెట్‌లో సామాన్లు సర్దే ఫ్రాంక్ సిల్వా అనుకోకుండా అద్దంలో పడితే లించ్ ఆ మొహాన్నే ఉంచేశాడు. భయంకరమైన మొహం, కాదన్ను. పుస్తకంలో మొహం లేదు, రాత ఉంది. పోనుపోను లారా రాస్తుండగా మధ్యలో అన్నీ పెద్దక్షరాల్లో వేరే గొంతు దూరుతుంది. ఆమె డైరీలో, ఆమె చేతితో. (మన లిపిలో పెద్దా చిన్నా అక్షరాల్లేవు. దీన్ని ఎవరైనా తెలుగు చేస్తే ఆ చోట్ల ఏం చేస్తారో చూడాలని నాకు భలే కోరిక.) దాన్ని దెయ్యం పట్టడమనుకోవచ్చు. ఇంట్లోనే జరుగుతున్నదానికి అసలు పేరు పెట్టలేని పిల్ల, దానికి వేరే మనిషినీ వేరే పేరునీ కల్పించుకుందనీ అనుకోవచ్చు. టీవీ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి తేల్చాలి. డైరీ తేల్చదు, ఎందుకంటే రాస్తున్న పిల్లకే తెలియదు. కొన్నిచోట్ల పేజీలు చింపేసి ఉన్నాయనీ, దొరికింది ఇలాగేననీ చిన్న గమనిక మాత్రం ఉంటుంది. ఎవరు చింపారో చెప్పదు. ఆ గమనిక వచ్చినప్పుడల్లా ముందు పేజీకి వెళ్ళి మళ్ళీ చదివాను.

లోపాల్లేవని కాదు. మధ్యలో చాలా దూరం కొకెయిన్, రాత్రిళ్ళు, ఎవరెవరితోనో తిరుగుళ్ళు, ఒకే రకంగా సాగుతాయి. కొన్ని పేజీలు చదివేవాళ్ళని ఉలిక్కిపడేట్టు చెయ్యడానికే రాసినట్టుంటాయి. పదిహేడేళ్ళ పిల్ల ఇలా రాస్తుందా అని కూడా ఒకటి రెండుచోట్ల అనిపించింది. అయినా ఈ పుస్తకాన్ని ఇంట్లో బయట కనపడేలా పెట్టలేకపోయాను. బట్టల అలమరలోకి పోయింది.

తర్వాతివాళ్ళు దీన్నుంచి ఏం నేర్చుకున్నారంటే పెద్దగా ఏం లేదు. 2019లో ‘స్ట్రేంజర్ థింగ్స్’కి గ్వెండా బాండ్ రాసిన ‘సస్పిషస్ మైండ్స్’లో అవకాశం అచ్చం ఇలాంటిదే. ఎలెవెన్ తల్లి టెర్రీ ఐవ్స్ కథ, 1969లో. షోలో ఆవిడ కుర్చీలో శూన్యంలోకి చూస్తూ కూచుని ఉండటం చూసేశాం, కాబట్టి ఎక్కడికి చేరుతుందో తెలుసు. ఆవిడకీ షోలో గొంతు లేదు. బాండ్ ఆ గొంతు ఇవ్వకుండా ఆవిడ చుట్టూ ఒక హుషారైన స్నేహితుల బృందాన్ని పెట్టింది. వాళ్ళు జోకులేసుకుంటూ రహస్యాలు ఛేదిస్తారు, అచ్చం షోలో పిల్లల్లాగే. జనానికి ఏది నచ్చిందో అదే ఇంకోసారి. టెర్రీ ప్రేమించిన కుర్రాడికి వియత్నాం పిలుపు వచ్చిన చోట మాత్రం నవల కాసేపు ఊపిరి బిగబట్టింది. అందులో ఏ అతీంద్రియ శక్తీ లేదు.

ట్విన్ పీక్స్ మూడో సీజన్ 2017లో వచ్చింది, పాతికేళ్ళు దాటాక. అందులో డిప్యూటీ హాక్ పోలీస్ స్టేషన్ బాత్‌రూమ్ తలుపులో ఇరికించిన కాగితాలు బయటికి తీస్తాడు. లారా డైరీలోంచి చింపినవి. పోయినవి నాలుగు పేజీలు, దొరికినవి మూడే అంటాడు. ఆ సాయంత్రం అలమరలోంచి పుస్తకం తీసి, చిరిగిపోయాయని గమనిక ఉన్న చోట్లన్నీ వరసగా చూసుకుంటూ వెళ్ళాను. నాలుగో పేజీ ఏ గమనికకి సరిపోతుందో ఇప్పటికీ తేల్చుకోలేదు.